అవ్వకు వినపడింది బరబర ఒక్కటే

ఇప్పుడే లైవ్ కట్టేసినా. చేతులు ఇంకా వణుకుతా ఉండాయి.

మా అక్క కూతురి మొదటి కచేరీ ఈ సాయంత్రం, తిరుపతిలోనే ఒక హాల్లో. తొమ్మిదేళ్ళుగా నేర్చుకుంటా ఉంది ఆ పిల్ల. నాకు జ్వరం, పోలేక ఫోన్లో పెట్టుకున్నా. పలమనేరులో మా అవ్వ, మంచం దిగలేని మనిషి, ఆమె కూడా పెట్టించుకునింది. మృదంగం తొలి దెబ్బ పడిందో లేదో, బరబరమని మొదలైంది. పిల్ల పైస్థాయికి పోయినప్పుడల్లా చినిగిన గుడ్డ లాగినట్టు గొంతు చీలిపోతా ఉంది. అవ్వ ఫోన్ చేసి "బిడ్డకు గొంతు బాగలేదా నాయనా?" అని అడిగింది. ఆ మాటే నన్ను తినేస్తా ఉంది.

వీడియో ఆయనకు ఫోన్ కొట్టినా. నాలుగోసారికి ఎత్తి "హాల్లో బ్రహ్మాండంగా వస్తా ఉందన్నా" అన్నాడు. హాల్లో! హాల్లో ఉన్నోళ్ళకు లైవ్ ఎందుకబ్బా? చెవికి ఏం పెట్టుకున్నావంటే ఏమీ లేదు. హెడ్‌ఫోన్స్ బండిలో ఉండాయంట.

నేనూ ఈ పనిలోనే బతికేవాణ్ణి. చూడకుండానే చెప్తా, హాల్లో మైకులన్నీ కలిపే మిక్సర్ మెయిన్ అవుట్ తీసుకుపోయి కెమెరా మైక్ ఇన్‌పుట్‌లో గుచ్చినారు. మైక్ నుంచి వచ్చేది మిల్లీవోల్టుల్లో ఉంటుంది. మిక్సర్ లైన్ అవుట్ +4 డీబీయూ, అంటే 1.23 వోల్టులు. చెంబు పట్టే చోట బిందె కుమ్మరించినారు. కెమెరాలో మైక్ అని ఉన్న స్విచ్‌ను లైన్‌కు మార్చింటే సరిపోయేది. ఆ స్విచ్ లేకుంటే మధ్యలో ఒక ప్యాడ్, అంటే వచ్చే జోరు తగ్గించే ముక్క, పెట్టాల.

"మీటర్ పచ్చగానే ఉందన్నా" అంటాడు. ఉంటుంది! లోపలికొచ్చే చోటే తల తెగిన శబ్దం అది. తర్వాత ఫేడర్ దించితే చిన్నదవుతుంది గానీ బాగుపడదు. మీటర్‌లో పచ్చ, చెవిలో బరబర. అందుకే రెండూ కావాల, కన్నూ చెవీ. హాల్ స్పీకర్లు మోగుతా ఉంటే ఒట్టి చెవికి లైవ్‌లో పోయేది ఎట్ల తెలుస్తుంది? చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాల, అదీ లైవ్ పంపే కంప్యూటర్‌కు తగిలించి. పక్కగదిలో ఒకరు ఫోన్లో అదే లైవ్ పెట్టుకోని మధ్యమధ్యలో వినాల. కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది, రానీ. అవ్వకు చేరేది అదే కదా.

మీటర్ చదవడం కూడా రావాల. మన మండపాల్లో మిక్సర్ మీద సున్నా దగ్గర లైట్లు ఆడితే సంతోషపడతారు. ఆ సున్నా పైన ఇంకా చోటుంటుంది. డిజిటల్‌లో సున్నా అంటే పైకప్పు, తగిలిందంటే తెగడమే. టీవీ వాళ్ళు మిక్సర్ సున్నాను డిజిటల్‌లో మైనస్ 20 డెసిబెల్స్ దగ్గర, యూరప్ లెక్కలో మైనస్ 18 దగ్గర కూర్చోబెట్టుకునేది ఊరికే కాదు. ముల్లుండే వీయూ మీటర్ లెక్కలు 1939 నాటివి. ఆ ముల్లు పైకి లేయడానికి 300 మిల్లీసెకన్లు పడుతుంది, అంతలో మృదంగం దెబ్బ వచ్చి పోయింటుంది. లైవ్ పంపే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో మైనస్ 20 దాకా పచ్చ, మైనస్ 9 దాకా పసుపు, ఆపైన ఎరుపు. నేనైతే గొంతును పసుపులో పెట్టుకోని, తని ఆవర్తనంలో, అంటే మృదంగం ఒక్కటే వాయించే చోట, గట్టి దెబ్బ కూడా మైనస్ 6 దాటకుండా చూసుకుంటా. కచేరీకి ముందే మృదంగం సార్‌ను బతిమాలి గట్టిగా వాయించుకుంటా. శ్రుతి చూసుకునేటప్పుడు మెల్లగా తట్టినదాన్ని నమ్మి గెయిన్, అంటే వచ్చే శబ్దాన్ని ఎంత పెంచుకోవాలనేది, పెడితే ఈరోజు గతే.

సంగీత కళాశాల ఉన్న ఊరు ఇది! ఇక్కడ డ్రోన్‌కు డబ్బులుంటాయి, క్రేన్‌కు ఉంటాయి, ఎల్‌ఈడీ గోడకు ఉంటాయి. లైవ్ శబ్దం చూసుకునేదానికి ఒక మనిషిని పెట్టండి అంటే మాత్రం "కెమెరాలో ఆటో ఉంది కదన్నా". ఆ ఆటో ఏం చేస్తుందో తెలుసునా? ఆలాపనలో పిల్ల ఊపిరి తీసుకునే చోట ఫ్యాన్ల హోరును ఎత్తి పెడుతుంది, గొంతు లేయగానే ఆ గొంతునే అణిచేస్తుంది.

ఏడేళ్ళ కిందట గంగజాతరప్పుడు మా వీధిలో మా మేనమామ హరికథ చెప్పినాడు. ఇదే బరబర. అప్పుడూ పోయి చెప్పినా. "పక్కకు జరుగన్నా, క్రేన్ షాట్‌కు అడ్డమొస్తావు" అన్నారు. నాలుగు నెలలకు మామ పోయినాడు. ఆయన గొంతు ఉన్నది ఆ ఒక్క వీడియోలోనే. ప్రతి తద్దినానికీ మా అత్త దాన్ని పెట్టించుకుంటుంది, శబ్దం పూర్తిగా తగ్గించి. చేతులాడేది, చిడతలు ఆడేది చూస్తా కూర్చుంటుంది.

రేపు పొద్దున్నే జ్వరం ఉన్నా ఆ హాలుకు పోతా. మిక్సర్‌కు ఎవరైనా పెన్‌డ్రైవ్ పెట్టినారేమో అడుగుతా. అక్కడి నుంచి తీసిందైతే శుభ్రంగా ఉంటుంది. దొరికితే మధ్యాహ్నం బస్సుకే పలమనేరు పోయి, అవ్వ చెవికి నేనే హెడ్‌ఫోన్స్ పెడతా.