తీసివేతలో డాక్టరేట్

మన ఊళ్లలో డీజే అంటే మనిషి కాదు, వాహనం. 'డీజే వచ్చింది' అంటాం గానీ 'డీజే వచ్చాడు' అనం. అందుకే ఒక డీజేకు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చిందని తెలిసినప్పుడు, అంత పెద్ద లారీకి శాలువా ఎలా కప్పారన్న సందేహం నన్ను చాలాసేపు వేధించింది.

విచారించగా తేలింది: ఇచ్చినది ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం, 2015లో. పుచ్చుకున్నది రిచీ హాటిన్. మనిషే, రికార్డులు తిప్పి జనాన్ని ఆడించేవాడు. ఆయన చరిత్రను చదువుకునే పిల్లలున్న ప్రతి ఇంట్లో గట్టిగా చదివి వినిపించాలని నా మనవి. లెక్కల పుస్తకంలోని రెండే రెండు గుర్తులతో ఇంత పేరు తెచ్చుకున్నవాడు నాకు మరొకరు తెలియదు.

1970లో ఇంగ్లండ్‌లోని బాన్‌బరీలో పుట్టాడు. తొమ్మిదో ఏట కుటుంబంతో కెనడాలోని విండ్సర్ పక్కనున్న లసాల్‌కు వచ్చాడు. తండ్రి జనరల్ మోటార్స్‌లో రోబోల పని చూసే సాంకేతిక నిపుణుడు. నది దాటితే అమెరికా, అక్కడ డెట్రాయిట్. పటం తీసి చూడండి, ఆ చోట కెనడా అమెరికాకు దక్షిణాన ఉంటుంది. దిక్కులే తారుమారైన ఊరి నుంచి వచ్చినవాణ్ణి పల్లవి ముందు, చరణం తర్వాత అని కట్టడి చేయడం న్యాయం కాదు.

అప్పటికే డెట్రాయిట్ ప్రాంతంలో వాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు నల్లజాతి యువకులు టెక్నోకు, అంటే యంత్రాలతో పుట్టించే నాట్య సంగీతానికి, ప్రాణం పోసి ఉన్నారు. మనవాడు నది దాటి వెళ్లి విన్నాడు, నేర్చుకున్నాడు. 1990లో జాన్ అక్వావివాతో కలిసి ప్లస్ 8 అనే రికార్డుల సంస్థ పెట్టి, మొదటి రికార్డు మీదే 'డెట్రాయిట్ భవిష్యత్ ధ్వని' అని ముద్ర కొట్టించాడు. పక్క ఊరి పెళ్లికి భోజనానికి వెళ్లినవాడు ఆ ఇంట్లో రాబోయే పెళ్లికి ముహూర్తం పెట్టినట్టు. డెట్రాయిట్‌వాళ్లకు కోపం వచ్చింది. ఎందుకు రావాలి? వర్తమానాన్ని వాళ్లకే వదిలేశాడు కదా!

ప్లస్ 8 అంటే ఏమిటంటారా? రికార్డు తిప్పే యంత్రం మీద వేగం మార్చే మీట ఒకటుంటుంది. దాన్ని చివరిదాకా తోస్తే వేగం ఎనిమిది శాతం పెరుగుతుంది, ఆపైన యంత్రం ఒప్పుకోదు. ఆయన జీవితంలో కూడిక అక్కడితో సమాప్తం. మిగిలినదంతా తీసివేత.

మాటలు పోయాయి. రాగం పోయింది. 'ప్లాస్టిక్‌మాన్' అనే పేరుతో 1993లో విడుదల చేసిన 'స్పాస్టిక్'లో తొమ్మిది నిమిషాలపాటు దాదాపు డ్రమ్ముల యంత్రం ఒక్కటే మోగుతుంది. శ్రుతిమించి రాగాన పడుతుందన్న భయం శ్రోతకు అక్కరలేదు. శ్రుతీ లేదు, రాగమూ లేదు. ఆ రోజుల్లో తల మీద జుట్టు కూడా తీసేశాడు (ఇది తర్వాత తిరిగి వచ్చింది, రాగం రాలేదు). అదే ఏడాది ఒక ఆల్బం అట్టను మత్తుమందు అద్దిన కాగితంలా చిల్లుల గీతలతో అచ్చు వేయిస్తే, టెక్సస్‌లో దాన్ని దగ్గర పెట్టుకున్న ఒక యువకుణ్ణి పోలీసులు అది నిజమైన సరుకే అనుకుని పట్టుకుపోయారు. ఆ అట్టను అంత శ్రద్ధగా చూసిన సంగీత విమర్శకుడు ఉన్నాడని నేను అనుకోను.

1995లో అమెరికా తన వంతు తీసివేత చేసింది. సరైన అనుమతులు లేకుండా పని చేస్తున్నాడని సరిహద్దులో ఆపి, కొంతకాలం రావద్దంది. నదికి ఇవతలే ఉండిపోయినవాడి సంగీతంలో ఖాళీ మరింత పెరిగింది. 1998 నాటి 'కన్స్యూమ్డ్' ఆల్బం వింటే స్పీకరు పాడైందేమోనని ఒకసారి లేచి చూడాలనిపిస్తుంది. అదే ఏడాది పెట్టిన కొత్త సంస్థ పేరు మైనస్. ఇంత నిజాయతీగా బోర్డు రాయించిన వ్యాపారిని మీరు చూశారా?

ఇక తీయడానికి ఏముంది అనుకుంటాం మనం. రికార్డులోంచి పాటనే తీసేయవచ్చని మనకు తోచదు. ఫైనల్ స్క్రాచ్ అనే ఏర్పాటు అదే చేసింది, దాన్ని జనంలోకి తెచ్చినవారిలో హాటిన్, అక్వావివా ముందున్నారు. రికార్డు మీద పాట ఉండదు, సూది ఎక్కడుందో కంప్యూటరుకు చెప్పే సంకేతం మాత్రమే ఉంటుంది. విస్తరి మన ముందు, వడ్డన పక్క గదిలో. 2001లో ఇతరుల పాటలు వందకు పైగా తీసుకుని, మూడు వందలకు పైగా ముక్కలుగా తరిగి ఒక ఆల్బం చేశాడు. ఆ కత్తిపీట పనితనం మాత్రం, వెక్కిరింపు పక్కనపెట్టి చెబుతున్నాను, అద్భుతం.

సంగీతం తగ్గినకొద్దీ హోదా పెరిగింది. బెర్లిన్‌కు మకాం మారింది. 2013లో న్యూయార్క్‌లోని గుగెన్‌హైమ్ మ్యూజియంలో కచేరీ జరిగింది. స్పెయిన్‌కు చెందిన ఇబీజా ద్వీపంలో 2012 నుంచి 2015 వరకు ప్రతి వేసవీ నడిపిన ఆటపాటల రాత్రుల్లో, బియ్యంతో చేసే జపాను మద్యం సాకేకు ప్రత్యేకంగా బారు పెట్టించాడు. మెచ్చిన జపాను తయారీదారులు 'సాకే సమురాయ్' అని బిరుదిచ్చారు. డ్రమ్ము మోగించినవాడికి డాక్టరేటూ, మద్యం పోయించినవాడికి వీరపట్టమూ ఒకే మనిషి రూపంలో దక్కాయి. ఈ తీసివేత టికెట్టు ధర జోలికి ఎప్పుడూ పోలేదన్నది కేవలం నా దురాలోచన.

చివరికి 2022లో ఒక విచిత్రం జరిగింది. చిల్లీ గొంజాలెస్ అనే కెనడా పియానో వాద్యకారుడు ఆ 1998 నాటి ఖాళీ ఆల్బం మీద మొదటి నుంచి చివరి దాకా పియానో వాయించాడు. ఇద్దరి పేర్లతో అది మళ్లీ విడుదలైంది. ఇరవై నాలుగేళ్ల క్రితం ఖాళీని కొన్నవారు, ఇప్పుడు ఆ ఖాళీలో పెట్టుకోవలసినదాన్ని కొనుక్కున్నారు. రెండు రసీదులూ భద్రంగా దాచుకోండి. రేపు ఆ పియానోను తీసేసి మూడోసారి అమ్మవచ్చు.