పాటతో పాటు దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా పంపండి

డిసెంబర్ సీజన్ దగ్గర పడేకొద్దీ చెన్నైలో మన తెలుగువాళ్ల సంగీతం వాట్సాప్ గ్రూపులన్నీ పాత కచేరీలతో నిండిపోతాయి. సంతోషమే. కానీ వచ్చే ఫైళ్లలో చాలావాటికి పేరు ఉండదు. ఉన్నది ఏయూడీ అనే మూడక్షరాలు, తేదీలా కనిపించే ఎనిమిది అంకెలు, డబ్ల్యూఏ, ఇంకో నాలుగు అంకెలు. పైన "అద్భుతం, తప్పక వినండి" అని ఒక్క వాక్యం. ఎవరు పాడారు, పక్కన ఎవరు వాయించారు, సభ కచేరీయా, రేడియోదా, ఏ ఏడాదిది? ఏమీ ఉండదు. కింద ఇరవై నమస్కారాల బొమ్మలు పడతాయి, అంతటితో సరి. దీన్ని చర్చ అనుకోవడం నావల్ల కాదు.

ఆ ఎనిమిది అంకెలు కచేరీ తేదీ కాదు, ఆ ఫైలు మీ ఫోనుకు చేరిన తేదీ. వాట్సాప్‌లో పాటను ఆడియోగా పంపితే అసలు పేరు పోయి ఈ పేరు పడుతుంది. అదే ఫైలును డాక్యుమెంట్‌గా పంపండి, పేరు పేరులాగే చేరుతుంది. ఒక్క మీట తేడా. ఈ చిన్న పని చెయ్యకపోబట్టే ఎవరో ఓపికగా రాసిపెట్టిన గాయకుడి పేరు, వాద్యకారుల పేర్లు, సభ పేరు నాలుగు చేతులు మారేలోపు మాయమవుతున్నాయి.

పేరు ఎలా పెట్టాలో కూడా చెప్తాను. గాయకులు, వయొలిన్, మృదంగం, ఉంటే ఘటం లేదా కంజీర, చోటు, ఏడాది. తెలియనిదాని దగ్గర ప్రశ్నార్థకం పెట్టండి, ఊహించి రాయకండి. మృదంగం బాగుందనిపించగానే పేరుమోసిన విద్వాంసుడు పాల్ఘాట్ మణి అయ్యర్ అని రాసేసేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ పేరు ఒకసారి ఎక్కిందంటే మళ్లీ దిగదు, అసలు వాయించిన మనిషి పేరు శాశ్వతంగా పోతుంది. పక్కవాద్యాల వాళ్లకు మనం చేసే అన్యాయాల్లో దీన్ని మించింది లేదు.

కీర్తన పేరు తెలుగు లిపిలో రాయండి. మన భాషలో కీర్తనలు, మనమే ఇంగ్లీషు అక్షరాల్లో సగం రాసి వదిలేస్తున్నాం. "శ్రీ రఘువర" అని ఆపేస్తే అది కాంభోజిలో "శ్రీ రఘువరాప్రమేయ"నా, భైరవిలో "శ్రీ రఘువర సుగుణాలయ"నా? పల్లవిలో ఇంకో మాట, పక్కన రాగం రాస్తే గొడవే ఉండదు.

ఏడాది తెలియదని చేతులెత్తేసే ముందు రికార్డింగులోనే వెతకండి. ఆకాశవాణి కచేరీ అయితే మొదట్లోనో చివర్లోనో ప్రకటన ఉంటుంది. దాన్ని కత్తిరించేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది, ఎందుకంటే చాలా టేపులకు అదొక్కటే సాక్ష్యం. ప్రకటనలో బిరుదులు వినండి. బాలమురళీకృష్ణ గారిని సంగీత కళానిధి (మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే బిరుదు) అన్నారంటే అది 1978కి ముందుది కాదు. గాయకులు నేదునూరి కృష్ణమూర్తి గారిని అలా అన్నారంటే 1991కి ముందుది కాదు. ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమం మొదలైందే 1952లో, కాబట్టి ఆ కార్యక్రమంలో 1948 నాటి కచేరీ అని ఎవరైనా రాస్తే నమ్మక్కర్లేదు. మృదంగం పళని సుబ్రహ్మణ్య పిళ్ళైదని ఖాయమైతే కచేరీ 1962 మే దాటి ఉండదు, ఆయన పోయింది అప్పుడే. వయొలిన్ ద్వారం వెంకటస్వామి నాయుడు గారిదైతే 1964 దాటదు. ఇలా రెండు వైపుల నుంచీ బిగించుకుంటూ వస్తే చాలాసార్లు అయిదారేళ్ల లోపు తేలిపోతుంది. ఇంకొకటి, క్యాసెట్టు అనేదే 1963లో వచ్చింది. "1958 క్యాసెట్టు" అని ఎవరైనా ఇస్తే అది అంతకుముందు వాడిన చక్రాల స్పూల్ టేపు నుంచి ఎక్కించిన కాపీ అని అర్థం. కాపీ అంటే వేగం మారే అవకాశం ఒకటికి రెండుసార్లు ఉన్నట్టు.

అసలు తలనొప్పి ఈ వేగంతోనే. టేపు సుమారు 6 శాతం వేగంగా తిరిగితే చాలు, ఒకటిన్నర శ్రుతిలో పాడింది రెండులో, అంటే అరశ్రుతి పైన, వినిపిస్తుంది. గొంతు సన్నబడుతుంది, కాలప్రమాణం చురుగ్గా మారుతుంది. దాని మీద మనవాళ్లు "ఇది వయసులో ఉన్నప్పటి గొంతు, ఆ వేగం చూడండి" అని పేజీలు పేజీలు రాస్తారు. ఆ వేగం గాయకుడిది కాదు, టేపురికార్డరు మోటారుది. మంద్రమైన గొంతుకూ నిదానమైన పాటకూ పేరుపడ్డ ఎం.డి. రామనాథన్ గారి కచేరీకి ఇలా జరిగితే ఇక మిగిలేదేముంది? ఆ మంద్రం, ఆ విళంబం రెండూ పోతాయి.

దీన్ని పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. మైకు, ఆంప్లిఫైయర్ ఉన్న చోట కరెంటు హోరు సన్నగా రికార్డవుతుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో పాటకు పాటకు మధ్య ఖాళీని ఎంచుకుని, ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో చూపే స్పెక్ట్రమ్ గీయించండి. 100 దగ్గర ఉండాల్సిన శిఖరం 106 దగ్గర ఉంటే టేపు 6 శాతం వేగంగా తిరిగిందన్నమాట. 100ని 106తో భాగిస్తే 0.943, వేగాన్ని అంతకు తగ్గించాలి. అయితే ఈ లెక్కనే వేదం అనుకోవద్దు. మన దక్షిణాదిలో కరెంటు ఫ్రీక్వెన్సీ 49 కంటే కిందికి పడిపోయిన రోజులున్నాయి కాబట్టి రెండు మూడు శాతం అటూ ఇటూ ఉండొచ్చు. శిఖరం దొరికాక, ఆ విద్వాంసులు ఆ కాలంలో మామూలుగా ఏ శ్రుతిలో పాడేవారో ఇతర రికార్డింగులతో పోల్చి చూడండి. రెండూ ఒకే మాట చెబితేనే మార్చండి.

మార్చేటప్పుడు వేగం మార్చే ఎఫెక్టునే వాడాలి. శ్రుతిని మాత్రమే మార్చే ఎఫెక్టు వేరే ఉంటుంది, దాని జోలికి పోవద్దు. టేపు వేగంగా తిరిగినప్పుడు శ్రుతి, కాలం కలిసే పెరిగాయి, తగ్గించినా కలిసే తగ్గాలి. బ్యాటరీతో నడిచిన రికార్డర్లది ఇంకో రకం బాధ. కచేరీ సాగేకొద్దీ బ్యాటరీ దిగిపోయి రికార్డరు మెల్లబడుతుంది. దాన్ని ఇప్పుడు సరైన వేగంతో వినిపిస్తే శ్రుతి కొంచెం కొంచెం పైకి పాకుతుంది. వర్ణం ఒక శ్రుతిలో, మంగళం దానికి అరశ్రుతి పైన ఉంటే కారణం ఇదే. అలాంటిదానికి మొత్తం ఒకే సవరణ పనికిరాదు, ప్రతి పాటకూ తంబురా షడ్జమం (స) పట్టుకుని విడివిడిగా చెయ్యాలి.

ఇక టేపును కంప్యూటర్లోకి ఎక్కించడం గురించి. మన ఊరి తేమకు క్యాసెట్లకు బూజు పడుతుంది. కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లటి నూగు కనిపిస్తుంది. అలాంటిదాన్ని మంచి డెక్కులో పెట్టకండి, ఆ బూజు టేపును చదివే హెడ్డు మీదికి, అక్కణ్నుంచి తర్వాతి క్యాసెట్టుకు అంటుకుంటుంది. దాన్ని విడిగా సిలికా జెల్ వేసిన డబ్బాలో ఉంచి, తెలిసినవాళ్లకు చూపించండి. మిగతా క్యాసెట్లను ముందు ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కు పూర్తిగా తిప్పాలి, చుట్ట బిగువు సమమవుతుంది. లోపల స్పాంజి మెత్త ఊడిపోయి ఉంటే శబ్దం మసకగా, వచ్చిపోతూ వినిపిస్తుంది. స్క్రూలున్న పాత క్యాసెట్టు పెంకులోకి టేపును మారిస్తే సరిపోతుంది. సీ-120 క్యాసెట్ల టేపు మరీ పల్చన, వాటిని పదే పదే ముందుకూ వెనక్కూ తిప్పితే చిక్కుపడి నలిగిపోతాయి.

హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కానీ 78 ఆర్‌పీఎం రికార్డుల మీద ఆల్కహాల్ చుక్క కూడా పడనివ్వకూడదు, ఆ రికార్డుల్లో ఉండేది లక్క, అది కరిగిపోతుంది. వాటికి డిస్టిల్డ్ నీళ్లు, ఒక బొట్టు మెత్తటి సబ్బు ద్రావణం, మెత్తటి గుడ్డ చాలు. సూది కూడా వేరే కావాలి. 78ల గాడి వెడల్పు, దానికి సుమారు 75 మైక్రాన్ల సూది వాడాలి. ఎల్పీకి వాడే సూది అందులో మూడో వంతు కూడా ఉండదు, అది గాడి అడుగున దుమ్ములో ఈడ్చుకుంటూ పోతుంది, మీకు వినిపించే చరచరల్లో సగం దానివే.

క్యాసెట్టు విషయంలో ఎక్కువమంది వదిలేసేది హెడ్డు కోణం. రికార్డు చేసిన మెషీను హెడ్డు, వినిపించే మెషీను హెడ్డు ఒకే కోణంలో ఉండవు. హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. టేపు నడుస్తుండగా మోనోలో వింటూ దాన్ని కొద్దికొద్దిగా తిప్పితే ఒకచోట తంబురా నాదం, మృదంగం చాపు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. అక్కడ ఆపాలి. ఇది చెయ్యకుండా మసకగా ఎక్కించేసి, తర్వాత కంప్యూటర్లో ట్రెబుల్ పెంచితే పెరిగేది టేపు బుస, అంటే హిస్సే. రికార్డు చేసినప్పుడు హిస్సు తగ్గించే డాల్బీ వాడకపోతే వినేటప్పుడు కూడా ఆ మీట ఆపేసి ఉంచాలి.

కంప్యూటర్లో రికార్డు చేసేటప్పుడు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ చాలు. స్టీరియోలో గంటకు ఒక జీబీ పైచిలుకు అవుతుంది, నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ చేస్తే ఇంచుమించు సగానికి దిగుతుంది. ఆ మూలప్రతిని ముట్టుకోకుండా పక్కన పెట్టి, పంచుకోవడానికి దాన్నుంచి ఒక ఎంపీత్రీ చేసుకోండి. ఎంపీత్రీ నుంచి కత్తిరించి మళ్లీ ఎంపీత్రీ చేస్తే ప్రతిసారీ కొంత పోతుంది, ఆ పోయేది తిరిగి రాదు.

హిస్సు తీసేస్తామని బయల్దేరేవాళ్లకు ఒక దండం. హిస్సు ఉన్న చోటే తంబురా పైస్థాయి నాదాలూ ఉంటాయి, వయొలిన్ కమాను రాపిడీ ఉంటుంది. గట్టిగా తుడిస్తే గొంతు నీళ్లలోంచి పాడినట్టు బుడబుడలాడుతుంది, గమకం చివర తెగిపోతుంది. పైగా మన కచేరీలో తంబురా ఆగదు కాబట్టి వట్టి హిస్సు నమూనా దొరకడమే కష్టం. తంబురా ఉన్న ముక్కను నమూనాగా ఇస్తే సాఫ్ట్‌వేర్ తంబురానే చప్పుడనుకుని తీసేస్తుంది. తప్పనిసరైతే 6 డెసిబెల్స్‌తో ఆపండి, చేశానని చెప్పండి. క్యాసెట్టు పక్క మార్చినప్పుడు పోయిన ముక్క దగ్గర కూడా అంతే, రెండు సెకన్ల ఖాళీ వదలండి. అతుకు కనపడకుండా కలిపేస్తే వినేవాడు ఆలాపనలో అదొక సంచారం అనుకుంటాడు.

ఇప్పుడు చర్చ. త్యాగరాజ కీర్తన "నగుమోము గనలేని" తీసుకోండి. ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ గారి రికార్డుతో జనంలోకి పోయినది చతుశ్రుతి ధైవతం (పై ధ) ఉన్న ఆభేరి రాగం. బాలమురళి పాడింది శుద్ధ ధైవతంతో (కింది ధ). ఏది సరైన ఆభేరి అని గంటలు వాదించుకోవచ్చు, వాదించుకోవాలి కూడా. అయితే "ఫలానా నిమిషం దగ్గర, అనుపల్లవిలో, ఈ మాట మీద ధైవతం వినండి" అని రాస్తే పదిమంది విని అవునో కాదో చెప్పగలరు. "దివ్యంగా ఉంది" అంటే ఎవరేం చెప్పగలరు? మంచి మాట ఏమిటంటే టేపు వేగం తప్పినా స్వరాల మధ్య దూరాలు మారవు. శ్రుతి తప్పిన కాపీ మీద రాగం గురించి మాట్లాడొచ్చు, కాలప్రమాణం గురించి మాత్రం మాట్లాడకూడదు. 78 రికార్డు మీద అయితే అసలే వద్దు, పది అంగుళాల రికార్డు ఒక పక్కన పట్టేది మూడు నిమిషాల చిల్లర, విద్వాంసులు దానికోసం వేగం పెంచారు, చరణాలు వదిలారు. నెరవు (ఒకే పాదాన్ని రకరకాలుగా పెంచి పాడటం) ఎక్కడ ఎత్తుకున్నారు, స్వరకల్పన ఎత్తుగడ ఏది, తని (తాళవాద్యాలు ఒంటరిగా వాయించే భాగం) ఎంతసేపు, ఈ మూడూ రాస్తే మిగతావాళ్ల దగ్గరున్న టేపులతో పోల్చుకోవచ్చు. విజయవాడ రేడియో గాయకులు వోలేటి వెంకటేశ్వర్లు గారి టేపులు చెన్నైలో చాలా ఇళ్లలో ఉన్నాయి, ఒకే కచేరీ మూడు పేర్లతో తిరుగుతోంది. ఇలా రాస్తేనే అవన్నీ ఒకటేనని తేలేది.

పంచకూడనివీ ఉన్నాయి. ఇప్పుడు దొరుకుతున్న ఆల్బమ్ అయితే కొనుక్కునే లింకు పెట్టండి. మన చట్టంలో సౌండ్ రికార్డింగుకు 60 ఏళ్ల హక్కుంది. నిన్నటి సభలో ఫోను ఎత్తిపట్టి తీసింది, కళాకారుల అనుమతి లేనిదైతే పెట్టనే వద్దు. ఎక్కడా దొరకని పాత కచేరీ వినాలంటే మ్యూజిక్ అకాడమీలో ట్యాగ్ వారి డిజిటల్ భాండాగారం ఉంది, అక్కడే కూర్చుని వినొచ్చు.

ఎక్కించడం అయిపోయిందని క్యాసెట్లను పాత సామాన్లవాడికి వేసేయకండి. వాటిని నిలువుగా, స్పీకర్లకు దూరంగా, ఎండ తగలని బీరువాలో పెట్టండి. టేపు ఎక్కించిన మెషీను, తేదీ, చేసిన వేగం సవరణ ఒక చీటీ మీద రాసి పెట్టెలోనే ఉంచండి. మీకంటే మంచి డెక్కు ఉన్నవాళ్లు రేపు ఎవరైనా అడిగితే ఇవ్వడానికి ఆ టేపే కావాలి.