"ఎన్ని గంటలు ఉంటుందన్నా?"

వారానికి ఒకరైనా నన్ను అడుగుతారు. "అన్నా, మూడు వేల లోపు మంచి నిష్ సెంటు చెప్పు. ఆఫీసులో ఎవరి దగ్గరా ఉండకూడదు." నిష్ అంటే పెద్ద కంపెనీలవి కాకుండా, చిన్న ఎత్తున చేసే అరుదైన సెంటు అని. సరేనని నేను నోరు తెరిచే లోపే రెండో ప్రశ్న: "ఎన్ని గంటలు ఉంటుంది?" దాని వెనకే మూడోది: "కాంప్లిమెంట్స్ వస్తాయా?"

ఈ మూడింటికీ పొత్తు కుదరదు బాబూ. ఎవరి దగ్గరా లేనిది కావాలి, కానీ అందరికీ నచ్చాలి. చవగ్గా దొరకాలి, కానీ పొద్దున కొడితే రాత్రి రిసెప్షన్ దాకా గుప్పుమనాలి. ఇవన్నీ కలిపి వెతికితే చివరికి దొరికేది ఏదో ఒక క్లోన్, అంటే పేరున్న సెంటుకి చవక నకలు. పక్క సీటువాడు కూడా అదే వెతుకులాటలో అదే కొని ఉంటాడు.

నేనేదో మొదటి నుంచీ తెలివైనవాణ్ణని కాదు. నాలుగేళ్ళ కిందట ఒక వీడియోలో "బీస్ట్ మోడ్, బీస్ట్ మోడ్" అని, అంటే గంటల తరబడి గుప్పుమంటుందని పదిసార్లు విని, వాసన కూడా చూడకుండా ఒక సీసా ఆర్డర్ పెట్టాను. 2,200 రూపాయలు. మే నెల, మధ్యాహ్నం షిఫ్టు. ఎనిమిది స్ప్రేలు కొట్టుకుని మియాపూర్‌లో ఆఫీసు క్యాబ్ ఎక్కాను. కొండాపూర్ దాటేసరికి వెనక సీట్లో అమ్మాయి డ్రైవర్‌తో అంది, "అన్నా, ఏసీలోంచి ఏదో లీకవుతున్నట్టుంది, కొంచెం అద్దాలు దించుతారా?" డ్రైవర్ పైనున్న అద్దంలోంచి నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. నాలుగు అద్దాలూ దించేశాడు. బయట నిప్పులు చెరుగుతున్న ఎండ. ఆ సెంటు మాత్రం వీడియోలో చెప్పినట్టే పన్నెండు గంటలు ఉంది. రాత్రి స్నానం చేశాక కూడా మణికట్టు మీద ఉంది. చొక్కాని రెండు ఉతుకుల తర్వాత గానీ వదల్లేదు.

అసలు ఈ గంటల పిచ్చి మనకి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని అప్పుడు ఆలోచించాను. మా ఇంటి వరకైతే కువైట్ నుంచి వచ్చింది. మా బాబాయ్ రెండేళ్ళకోసారి అమలాపురం వచ్చేవాడు. సూట్‌కేసు తెరవగానే చాక్లెట్లు, సబ్బులు, సెంటు కలిసిన వాసన వీధి అరుగు దాకా వచ్చేది. ఆ సెంటు సీసాని పిన్ని బీరువాలో పట్టుచీరల మధ్య దాచేది. పెళ్ళిళ్ళకే బయటికి తీసేది, చేతి రుమాలుకి ఒక్కసారి కొట్టేది. ఏడాదికి నాలుగైదుసార్లు వాడే సెంటు అప్పగింతల దాకా ఉండాలనుకోవడంలో న్యాయం ఉంది. పైగా అది కువైట్ డబ్బు వాసన, అది దూరానికి తెలియాలి కూడా. మనం ఇప్పుడు రోజూ కొట్టుకుంటున్నాం, ఏసీ గదుల్లో పక్కపక్కన కూర్చుంటున్నాం. లెక్క మాత్రం ఇంకా ఆ బీరువా సీసాదే.

నిలబడటం అనేది గొప్పా కాదు, లోపమూ కాదు. నిమ్మ, నారింజ, బెర్గమాట్ లాంటి తొక్కల నూనెలు తేలికైనవి, గంట తిరక్కుండానే ఎగిరిపోతాయి. ఎంత డబ్బు పెట్టినా అంతే, వాటి స్వభావం అది. గంధం, వట్టివేళ్ళు, మస్క్ (కస్తూరి వాసన) బరువైనవి, ఒంటిని పట్టుకుని ఉంటాయి. తక్కువ ఖర్చులో గంటలు పెంచాలంటే ఒక దగ్గరి దారి ఉంది: కట్టె, అంబర్ వాసనలు గట్టిగా వచ్చే సింథటిక్ సరుకు ధారాళంగా పోయడమే. సరుకు చెడ్డదని కాదు. తిమింగలం నుంచి వచ్చే అంబర్‌గ్రిస్‌కి బదులుగా తయారైన ఆంబ్రాక్సాన్ ఎంతో ఖరీదైన సీసాల్లో కూడా ఉంటుంది. అతిగా పోస్తేనే చిక్కు. మొదటి పది నిమిషాలు ఒకదాంట్లో అనాస, ఒకదాంట్లో ఆపిల్, ఒకదాంట్లో లావెండర్. ఆ తర్వాత అన్నిట్లోనూ అదే ముక్కు పొడిచే ఎండు కట్టె వాసన. ఐదు సీసాలు కొన్నా గంట గడిచాక ఒకటే సీసా.

ఇంకో తమాషా, అందరూ "కొలోన్, కొలోన్" అంటారు గానీ అసలు కొలోన్ నిలబడటానికి పుట్టిందే కాదు. ఇటలీ నుంచి వలస వచ్చిన ఫరీనా కుటుంబం 1709లో జర్మనీలోని కొలోన్ నగరంలో అంగడి పెట్టింది. ఆ ఇంటివాడు జొవాన్ని మరియా ఫరీనా తయారుచేసిన నీళ్ళకి ఊరి పేరే స్థిరపడింది. వాన వెలిసిన ఇటలీ వసంతపు ఉదయం గుర్తొచ్చే వాసన దొరికిందని తమ్ముడికో అన్నకో ఉత్తరం కూడా రాసుకున్నాడు. నిమ్మ జాతి తొక్కలు, పూలు, కాస్త మూలికలు. అందులో సుగంధ నూనె వందకి రెండు నుంచి ఐదు పాళ్ళే, మిగతాదంతా ఆల్కహాలు, నీళ్ళు. అదే ఇంకా చిక్కటి రకమైన ఓ ద పర్ఫ్యూమ్‌లో పదిహేను, ఇరవై పాళ్ళ దాకా వెళ్తుంది. కొలోన్‌ని ఒంపుకోవాలి, పోతే మళ్ళీ ఒంపుకోవాలి. అదే ఊళ్ళో ఇంటి నంబరే పేరైన 4711 అనే కొలోన్‌ని ఈ రోజుకీ అమ్ముతున్నారు. నేను కొన్నప్పుడు 100 మి.లీ. రెండు వేల లోపే. విజయవాడ ఉక్కపోతలో స్నానం చేసి మెడకీ చేతులకీ అది ఒంపుకుని ఫ్యాన్ కింద కూర్చోండి. నలభై నిమిషాలే, ఒప్పుకుంటాను. మా ఆఫీసులో ఇంకెవరి దగ్గరా అది లేదు. షాపువాడు దాన్ని నిష్ అనడు. అనకపోతే నాకేం?

ఆ నిష్ అనే మాట సంగతి కూడా రెండు ముక్కల్లో. 1976లో పారిస్‌లో లార్టిజాన్ పర్ఫ్యూమర్ లాంటి చిన్న కొట్లు మొదలైనప్పుడు ఆ మాటకి అర్థం ఉండేది: పెద్ద కంపెనీలు చెయ్యడానికి జంకే వాసన, చిన్న ఎత్తున చేసేవాళ్ళు. ఇప్పుడు? నిష్ పేరున్న కంపెనీలే పెద్ద కంపెనీల చేతికి పోయాయి. ల లాబో, ఫ్రెడరిక్ మాల్ 2014లో ఎస్తే లాడర్ చేతికి వెళ్ళాయి. బైరెడో 2022లో పూయిగ్ చేతికి, క్రీడ్ 2023లో కెరింగ్ చేతికి. వాసనలు బాగోలేవని కాదు, కొన్ని అద్భుతం. కానీ సీసా మీదున్న ధర చూసి "ఇది నిష్" అనుకోకండి. నా లెక్కలో నిష్ అంటే, తయారుచేసినవాడు కొంతమందికి నచ్చకపోయినా పర్లేదనుకున్న సెంటు. అది మూడొందలకీ దొరకొచ్చు, ముప్ఫై వేలకీ దొరక్కపోవచ్చు.

ఆ లెక్కన మూడు వేలు చిన్న మొత్తమేం కాదు. నేనైతే ముందు డీకాంట్లు, అంటే పెద్ద సీసాలోంచి చిన్న సీసాల్లోకి తీసి అమ్మేవి కొంటాను. 5 మి.లీ. చిన్న సీసా అంటే దాదాపు 50 స్ప్రేలు. రోజుకి మూడు కొట్టుకుంటే రెండు వారాలు దాటుతుంది. ఒక సెంటు మన ఒంటికి పడుతుందో లేదో తేలడానికి ఇది చాలు. తెలిసినవాళ్ళు వాడి చూసిన అమ్మకందారు దగ్గరే కొనండి, కల్తీకి కొదవ లేదు. మాల్‌కి వెళ్తే కాగితం ముక్క మీద పీల్చి కార్డు గీకెయ్యకండి. మణికట్టు మీద కొట్టించుకుని, దణ్ణం పెట్టి బయటపడండి. ఎండలో నడవండి, బిర్యానీ తినండి, చెమట పట్టనివ్వండి. సాయంత్రానికి కూడా మీకది నచ్చితే అప్పుడు చూద్దాం. ముక్కు మొద్దుబారితే కాఫీ గింజలు ఇస్తారు గానీ, మీ చొక్కా చెయ్యి వాసన చూసుకున్నా చాలు.

ముక్కు అంటే గుర్తొచ్చింది. "నాది రెండు గంటల్లో పోయింది" అనేవాళ్ళలో సగం మందికి సెంటు పోదు, ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. వంటింట్లో చేపల పులుసు ఉడుకుతుంటే లోపలున్నవాళ్ళకి కాసేపటికి తెలియదు, బయట్నుంచి వచ్చినవాడికి గేటు దగ్గరే తెలిసిపోతుంది. నా ఎనిమిది స్ప్రేల కథ వెనకున్నదీ అదే.

ఇక మన దేశపు సరుకు. బాంబే పర్ఫ్యూమరీ లాంటి చిన్న కంపెనీలు వచ్చాయి, వాళ్ళ "చాయ్ మస్క్" ఒకసారి చూడండి. పేరుకే సరదా కాదు, టీ వాసన ఉంది అందులో. కనౌజ్ అత్తర్లు ఎలాగూ ఉన్నాయి. దేగ్ అనే పెద్ద రాగి పాత్రలో పూలు ఉడికించి ఆ ఆవిరిని గంధం నూనెలోకి పట్టే పద్ధతి. కాల్చిన మట్టి నుంచి వాన వాసన తీస్తారు అక్కడ. వాన వాసనకి పెట్రికోర్ అని పేరు పెట్టిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1964 నాటి తమ వ్యాసంలో ఆ మట్టి అత్తరు సంగతి రాశారు. అంటే వాళ్ళు పేరు పెట్టేనాటికే మనవాళ్ళు దాన్ని సీసాల్లో అమ్ముతున్నారు. ఇప్పుడు గంధం నూనె ధర మండిపోయి చాలామంది వేరే నూనెల్లో కలుపుతున్నారు, అది తెలిసే కొనాలి.

పోయిన వేసవిలో హైదరాబాద్ పాతబస్తీలో పత్తర్‌గట్టి వైపు ఒక అత్తరు కొట్టుకి వెళ్ళాను. గోడ నిండా సీసాలు, మూతల మీద చేత్తో రాసిన విదేశీ సెంట్ల పేర్లు. నన్ను చూడగానే పెద్దాయన రెండు సీసాలు ముందుకి జరిపాడు. "ఇవే నడుస్తున్నయ్, పొరగాళ్ళందరు ఇవే కొంటరు." నాకు ఖస్, అంటే వట్టివేళ్ళ అత్తరు కావాలన్నాను. "ఖస్సా? ముసలోళ్ళు కొంటరది. నీకెందుకు?" అని నవ్వి, వెనక వరసలోంచి తీశాడు. గాజు మూత పుల్లని నా చేతి వెనక్కి గీశాడు, దూది ఉండ ఒకటి తడిపి చెవి మడతలో పెట్టాడు. మొదట తడి మట్టి, కాస్త చేదు, బంగాళాదుంప తొక్కలాంటి పచ్చివాసన. పది నిమిషాల్లో చల్లబడింది. చిన్నప్పుడు కిటికీకి వట్టివేళ్ళ తడక కట్టి మధ్యాహ్నం నీళ్ళు చల్లితే వచ్చేది చూడండి, అదే. 6 మి.లీ. 450 రూపాయలు. ఆ ధరకి అది రూహ్ ఖస్ అనే అచ్చమైన వట్టివేళ్ళ నూనె కాదని నాకూ తెలుసు, ఆయనా దాచలేదు. తెల్ల చొక్కా మీద మాత్రం పడనివ్వకండి, జిడ్డు మరక పోదు.

ఫ్రెంచి వాళ్ళు సెంటుకి వెతివేర్ అని పేరు పెడితే మనం గొప్పగా పలుకుతాం. ఆ మాట తమిళుల వెట్టివేరు, మన వట్టివేరుకి తోబుట్టువు. జంతువుల వాసన ఉన్న సెంట్లు వింత అంటారు, మరి తిరుమలలో స్వామివారికి పునుగు పిల్లి నుంచి వచ్చే పునుగు తైలం పూయడం మనకి తెలియనిదా? వింత వాసనలు మనకి కొత్త కాదు, సీసా మీద పేరే కొత్త.

మొన్న బాబాయ్ వచ్చాడు. కువైట్ వదిలేసి ఆరేళ్ళయింది, ఇప్పుడు కొబ్బరితోట చూసుకుంటున్నాడు. నేను వంగి కాళ్ళకి దణ్ణం పెట్టి లేచేసరికి ముక్కు ఎగబీల్చాడు. "ఏంట్రా, కూలర్ వాసనొస్తున్నావ్?"

ఖస్ సీసా తీసి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఎన్ని గంటలు ఉంటుంది?" అన్నాడు.

"మూడు, నాలుగు."

"అంతేనా!" అన్నాడు గానీ, చెవి మాత్రం ముందుకి వంచాడు.