మోరెమ్మ తల్లికి ఇంటింటి చందా

పాలమూరు జిల్లాలో మా ఊరి రోడ్డు కింద ఒక మోరి, అంటే కల్వర్టు ఉంది. అందులో ఒకే ఒక హ్యూమ్ పైపు, అదే సిమెంటు గొట్టం. చెరువు మత్తడి దుంకిన రోజు నీళ్లన్నీ దాంట్లోంచే పోవాలి. పోవు. పిల్లలు ఇవతల, బడి అవతల. పెద్ద పైపుకు పైసలు ఎక్కడున్నాయో కనుక్కునే బాధ్యత నా మీద నేనే వేసుకున్నాను.

పైసలు ఉన్నాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26కు పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటుల్లో నూటికి 60 తాగునీరు, పారిశుద్ధ్యం, వాన నీటి సంరక్షణ లాంటి వాటికే అన్నారు. మిగతా 40 జీతాలకు తప్ప ఊరి అవసరం దేనికైనా వాడుకోమన్నారు. ఆ నలభైతో వీధి లైట్లు వెలిగించి, ట్రాక్టరుకు డీజిల్ పోసి, ఇంకా ఏమైనా మిగిలితే మోరి కట్టుకోవచ్చు. ఏమీ మిగలదు. అరవైకి మాత్రం నా దగ్గర ఉపాయం ఉంది. మోరి దగ్గర ఆగిన నీళ్లు నాలుగిళ్లలో మోకాలి లోతు నిలుస్తున్నాయి కదా, వాటిని వాన నీటి సంరక్షణ పద్దులో రాసేస్తే సరి. పైపు ఎంత చిన్నదైతే సంరక్షణ అంత ఎక్కువ.

వరద వచ్చి పోయాక ఇంకో తలుపు తెరుచుకుంటుంది. రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో కేంద్రానిది 75 పాళ్లు, రాష్ట్రానిది 25. కొట్టుకుపోయిన మోరికి అందులోంచి మరమ్మతు చేయొచ్చు. మరమ్మతంటే ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టడం, అంటే మళ్లీ అదే పైపు. పైపు అడ్డం రెట్టింపైతే నీళ్లు పోయే నోరు నాలుగింతలవుతుందని బడిపిల్లలకు తెలుసు. బడికి పోగలిగిన రోజున నేర్చుకున్నారు.

వరద రాకముందే పని చేసుకోమని విపత్తు ఉపశమన నిధి కూడా ఉంది, మొత్తం విపత్తు సొమ్ములో నూటికి 20. కానీ దాన్ని అడగాలంటే ఎండాకాలంలో వాన గురించి మాట్లాడాలి. అలా మాట్లాడేవాడికి మా ఊర్లో పిల్లనివ్వరు.

ఇక ఊరి సొంత డబ్బు. ఇంటి పన్ను అడిగితే 'పత్తి అమ్మినంక చూద్దాం' అంటారు. అదే బొడ్రాయి పండుగకు ఇంటికింత అని చాటింపు వేస్తే మూడు రోజుల్లో వసూలైంది. ఆడబిడ్డలొచ్చారు, యాటలు తెగాయి, ఒక్కరూ రసీదు అడగలేదు. మరి మోరి చేసిన పాపమేంటి? పసుపు కుంకుమ లేకపోవడమే.

అందుకే పైపుకు సున్నం కొట్టి, వేపమండలు కట్టి మోరెమ్మ తల్లి అని పేరు పెట్టాం. ఇంటి పన్ను బాకీలు ఇకపై మొక్కుబడులు. కొత్త మోరి మీద తొలి బండి ఎవరిదన్నది గణేశుడి లడ్డూ లాగా వేలం పాట.

మొదటి మీటింగులోనే ఒక పెద్దమనిషి లేచి, "తల్లి నోరు గింత చిన్నగుంటే నైవేద్యం ఎట్ల పోతది?" అన్నాడు. ఇంజనీరు మాట ఎన్నడూ వినని ఊరు వెంటనే ఒప్పుకుంది. నాలుగింతల నోరు ఖాయమైంది. ముహూర్తం అడిగితే పంతులు పంచాంగం తిప్పి, ఆషాఢంలో పనికిరాదు, శ్రావణంలో పెట్టుకోండి అన్నారు. శ్రావణానికి తల్లి నీళ్లలో ఉంటుంది.