ప్రమాదం ఖర్చు ఏ పద్దులో రాశారండీ?

మా మిల్లర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మండపేట నుంచి ఒకరు, భీమవరం నుంచి ఒకరు, ఎవరు పంపినా అదే: "సేఫ్టీ పెద్ద కంపెనీల షోకు. మన తాతలు ఇవేవీ లేకుండానే మిల్లులు నడిపారు. జరగాల్సింది ఎలాగూ జరుగుతుంది, దానికి ఇన్సూరెన్స్ ఉంది. ఆ డబ్బేదో ప్రొడక్షన్ మీద పెట్టండి." కింద అన్నీ దండాలే. రైస్ మిల్లులో లెక్కలు రాసుకునేవాణ్ణి, నాకు తెలిసినంతలో జవాబు చెబుతాను.

తాతల మిల్లుల్లో పనిచేసి మూడు వేళ్లతో బీడీ కాల్చే ముసలాళ్లు మా ఊళ్లోనే ఇద్దరున్నారు. ఆ మాట వాళ్లని అడగండి.

"జరగాల్సింది జరుగుతుంది" అట. 2023 ఫిబ్రవరిలో పెద్దాపురం దగ్గర రాగంపేటలో నూనె ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి ఏడుగురు చనిపోయారు. మూసి ఉన్న ట్యాంకులోకి దిగే ముందు గాలి పరీక్షించి, ఫరవాలేదని రాసివ్వాలి. లేదంటే దిగేవాడికి శ్వాస పరికరం, నడుముకి తాడు ఉండాలి, ఆ తాడు కొస బయట ఒక మనిషి పట్టుకోవాలి. ఆ ప్రమాదం నాటికి అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్లోనే ఉండేదిది. తాడు ఖరీదెంతండీ, తలరాత అనడానికి?

ఇన్సూరెన్స్ మాటకొస్తే, మొన్న దాళ్వా సీజన్లో మా మిల్లులో ధాన్యాన్ని పైకెత్తి పోసే ఎలివేటర్ చోక్ అయింది. మూతకి నాలుగు బోల్టులు. ఊడదీసి బిగించడం ఆలస్యమని ఆ మూత ఎప్పుడో పక్కన పారేశారు. కుర్రాడు మోటారు ఆపకుండానే చెయ్యి పెట్టాడు, రెండు వేళ్లు పోయాయి. వైద్యం, జీతంలో 90 శాతం ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా, చూసుకుంది. "మనకి పైసా పడలేదు" అన్నారు ఓనరు గారు.

నేను పుస్తకాలు తిరగేశాను. రెండు రోజులు మిల్లు ఆగింది. లారీలు ఆగిపోయినందుకు హాల్టింగ్ కట్టాం. కళ్లంలో ధాన్యం వానకి తడిసి రంగు మారింది. మిషన్లు నడిపే మిల్లు డ్రైవర్ మానేస్తే కొత్తతను చెయ్యి తిరిగేదాకా నూకలు ఎక్కువ పడ్డాయి. ఇవన్నీ కిరాయిలు, రిపేర్లు, తరుగు అని విడివిడి పద్దుల్లో ఉన్నాయి. ప్రమాదం అనే పద్దే లేదు, ఇక కనపడేదెలా?

ఈఎస్ఐ లేని చోట మనిషి పోతే సొంత జేబే. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం లెక్కలో 15 వేల జీతం, 30 ఏళ్ల వయసు అయితే 15,59,850 రూపాయలు అయ్యేది.

ప్రొడక్షన్ సంగతి. అమెరికాలో అల్యూమినియం చేసే అల్కోవాకి 1987లో పాల్ ఓనీల్ అధిపతిగా వచ్చి, లాభాల గురించి కాకుండా కార్మికుల భద్రత గురించి మాట్లాడితే షేర్ల వాళ్లు బెంబేలెత్తారు. 2000 నాటికి లాభం దాదాపు ఐదు రెట్లయింది. అదంతా సేఫ్టీ వల్లే అంటే నేనూ నమ్మను. కానీ గాయం ఎందుకైందో వెతికితే మిషన్ ఎక్కడ దెబ్బతిందో బయటపడుతుంది, అది మాత్రం నా కళ్లతో చూశాను.

ఎలివేటర్ ఎందుకు చోక్ అయిందని తవ్వితే ధాన్యం శుభ్రం చేసే మిషన్ జల్లెడ చిరిగి గడ్డి లోపలికి పోతోందని తేలింది. పాత డ్రైవర్ రెండుసార్లు చెప్పాడట, ఎవరూ వినలేదు. జల్లెడ మార్చాం, మూత బిగించాం. ఒకటి మాత్రం ఒప్పుకుంటాను: తనిఖీ రోజున మాత్రమే బయటికొచ్చే హెల్మెట్లు నిజంగా షోకే.

మొన్న అటు వెళ్లి చూశాను. ఆ నాలుగు బోల్టుల మీద తవుడు దుమ్ము మందంగా పేరుకుపోయి ఉంది.