వెంటిలేటర్ పక్కన ఎవరు?

ఇంటర్ బైపీసీ పాసై, నీట్‌లో సీటు రాక, ఇప్పుడేం చదవాలని టెన్షన్ పడే పిల్లలు గుంటూరులో వీధివీధినా ఉన్నారు. వెంటిలేటర్ నడపడం, రోగి శ్వాసను చూసుకోవడం నేర్పే రెస్పిరేటరీ థెరపీ అనే చదువు ఉందని వాళ్లకు చెప్పేవారే కరువు.

2021 వేసవిలో ఆక్సిజన్ పడక కోసం తిరిగిన ఇళ్లకు ఈ చదువు విలువ వేరే చెప్పక్కర్లేదు. డబ్బుంటే వెంటిలేటర్ వారంలో వస్తుంది. దాన్ని నడిపే మనిషి తయారవడానికి ఏళ్లు పడుతుంది. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్న రోగికి ఒక్కో శ్వాసకు ఎంత గాలి పంపాలో కాటా మీది బరువును బట్టి తేల్చరు. ఎత్తును బట్టి ఉండాల్సిన బరువు లెక్కగట్టి, కిలోకు దాదాపు 6 మిల్లీలీటర్ల చొప్పున ఇస్తారు. మనిషి లావెక్కినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు కదా! ఈ లెక్క తప్పితే ప్రాణం నిలపాల్సిన గాలే ఊపిరితిత్తులను గాయపరుస్తుంది. రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఎంతున్నాయో చెప్పే ఏబీజీ రిపోర్టు చూసి డాక్టరుతో మాట్లాడి సెట్టింగ్ మార్చడం, గొంతులో కఫం సక్షన్ చేయడం, గొంతులో గొట్టం వేయకుండానే గాలి అందించే బైపాప్ మెషీన్ మాస్కు సరిగా అమర్చడం, రోగిని మెల్లగా మెషీన్ నుంచి బయటికి తేవడం కూడా ఈ పనిలోవే.

ఐసీయూ బయటా ఈ చదువు చదివినవారి అవసరం ఉంది. మిర్చి ఘాటులో బస్తాలు మోసే ఊరు మనది. ఆయాసానికి ఇన్‌హేలర్ రాసిస్తారు గానీ, ఎలా పీల్చాలో పక్కన కూర్చుని చూపే తీరిక ఓపీలో ఎవరికుంటుంది?

2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం రెస్పిరేటరీ టెక్నాలజిస్టులను గుర్తించింది. కేటగిరీని బట్టి కనీసం 2,000 లేదా 3,600 గంటల చదువు ఉండాలంది. ఆ గంటలు రికార్డు పుస్తకంలో నిండితే సరిపోదు, రోగి మంచం దగ్గర గడవాలి. పిల్లల్ని చేర్చే ముందు తల్లిదండ్రులు కాలేజీ భవనం చూసి మురిసిపోకుండా, అనుబంధ ఆసుపత్రిలో ఎన్ని ఐసీయూ పడకలున్నాయో, ఇంటర్న్‌షిప్‌లో రాత్రి డ్యూటీ నేర్పేదెవరో నిలదీసి అడగాలి.

చదివి వచ్చినవారికి కొలువూ కావాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జీజీహెచ్) వంటి బోధనాసుపత్రుల ఐసీయూల్లో మూడు షిఫ్టులకూ సరిపడా ఈ పోస్టులు ఉండేలా ప్రభుత్వం చూడాలని, ఇకపై వెంటిలేటర్లు కొనే ప్రతి ఉత్తర్వులోనే వాటిని నడిపేవారి నియామకాన్నీ చేర్చాలని కోరుతున్నాం.