రెండో ఆల్బమ్ గారికి సంజాయిషీ నోటీసు

గౌరవనీయులైన రెండో ఆల్బమ్ గారికి,

విషయం: అయిదేళ్ల ఏడు నెలలు ఆలస్యంగా విధులకు హాజరైనందుకు సంజాయిషీ కోరడం గురించి.

సూచిక: 1989 మే నెలలో వచ్చిన మీ అన్నగారు (మొదటి ఆల్బమ్).

ఆర్యా,

మాంచెస్టర్ వాస్తవ్యులైన రాక్ బ్యాండు స్టోన్ రోజెస్ వారింట మీ అన్నగారు పుట్టిన నాటికి బెర్లిన్ గోడ నిలబడే ఉంది, బ్రిటన్ ప్రధాని థాచరమ్మ కుర్చీలోనే ఉంది, సోవియట్ యూనియన్ కూడా ఉంది. 1994 డిసెంబర్ 5న మీరు తలుపు తట్టేసరికి మూడూ లేవు. పైగా మీరు పెట్టుకున్న పేరు ‘సెకండ్ కమింగ్’. అంటే రెండవ రాకడ. మా ఊళ్లలో గోడల మీద రాకడ గురించి రాసేవాళ్లు పక్కనే ‘త్వరగా’ అని కూడా రాస్తారు. మీ విషయంలో ఆ మాట రాయడానికి ఏ పెయింటరుకూ చెయ్యి రాలేదు.

ముందు మీ అన్నగారి సంగతి. ఆయన పాటలు ఏళ్ల తరబడి క్లబ్బుల్లో నలిగినవి. చిన్న బ్యాండుకు ఉన్న అసలు వసతి అదే. హాల్లో నలభై మంది ఉంటారు, పాట బాగోకపోతే బీరు కోసం కౌంటరు దగ్గరికి పోతారు, మర్నాటికి ఆ పాట జాబితాలో ఉండదు. తిండి గింజలు చెరిగినట్టు జనమే చెరిగి పెడతారు. ఆ తర్వాత రికార్డింగు నడిపించే నిర్మాత (ప్రొడ్యూసర్) జాన్ లెకీ చేతికి వెళ్తే ఆయనకు మిగిలింది వండటమే. ఆ వంటలో ఒక చమత్కారం చూడండి. ‘వాటర్‌ఫాల్’ అనే పాట డెమోను (నమూనా రికార్డింగును) వెనక్కి నడిపి, దాని మీద కొత్తగా గొంతు పాడించి ‘డోంట్ స్టాప్’ అనే ఇంకో పాట చేసుకున్నారు. టేపును వెనక్కి నడపాలంటే రీలును బోర్లా తిప్పి ఎక్కించాలి. అలా తిప్పితే ట్రాకులూ (ఒక్కో వాయిద్యానికి టేపు మీద ఉండే పట్టీలు) తారుమారవుతాయి. 24 ట్రాకుల రీలయితే 1 కాస్తా 24 అవుతుంది, 8 కాస్తా 17 అవుతుంది. ఇంజనీరు ఆ లెక్క మరిచి, ఖాళీ అనుకున్న ట్రాకు మీద రికార్డు మీట నొక్కాడా, డ్రమ్ములు చెరిగిపోతాయి, మళ్లీ రావు. ఒక పాట ఖర్చుతో రెండు పాటలు. ఆ పొదుపు బుద్ధి మీకు రవ్వంత కూడా రాలేదు.

ఆలస్యానికి కారణం కోర్టు అని మీరంటారు. ఒప్పుకుంటాం, సగం. బ్యాండు సిల్వర్‌టోన్ లేబుల్‌తో రాసుకున్న కాగితం అలాంటిది. రికార్డు విడుదల చేసి తీరాలన్న పూచీ కంపెనీకి లేదు, వేరే చోట పాడే హక్కు కుర్రాళ్లకు లేదు. పశువును రాటకు కట్టేసి, గడ్డి వేయాలో వద్దో మా ఇష్టం అన్నట్టు. 1990లో కంపెనీ కోర్టు నుంచి ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) తెచ్చింది. 1991 మేలో లండన్ హైకోర్టు, ఇది వృత్తికి అన్యాయంగా అడ్డుపడే ఒప్పందం, చెల్లదు అని కొట్టేసింది. ఇంగ్లండులో కాంట్రాక్టు పాఠం చెప్పే లాయర్లు ఇప్పటికీ ఆ కేసును తలుచుకుంటారు. బ్యాండు పేరు మీద మిగిలిన శాశ్వత కృతి మీరు కాదు, ఆ తీర్పేనేమో అని మాకు అనుమానం.

(అంతకుముందు ఇంకో పాత కంపెనీ తమ పాత పాటకు అడగకుండా చవకబారు వీడియో తీసిందని, కుర్రాళ్లు వోల్వర్‌హాంప్టన్‌లో దాని ఆఫీసుకు వెళ్లి గోడలకూ కార్లకూ రంగు డబ్బాలు కుమ్మరించి వచ్చారు. ఒక్కొక్కరికి 3,000 పౌండ్ల జరిమానా పడింది. వకీలు కన్నా రంగు డబ్బా చవక అనిపించే రోజులు అవి.)

సరే, కోర్టు తీరింది, గెఫెన్ అనే కొత్త రికార్డు కంపెనీ సంచులు విప్పింది. ఇక్కడి నుంచి మీ నేరమే. అత్త సొమ్ము అల్లుడు దానం అన్నట్టు, అడ్వాన్సు వచ్చినవాడికి అది ఇంకొకరి డబ్బులా కనిపిస్తుంది. అది అప్పు. స్టూడియో బిల్లు కూడా ఆ అప్పులోనే కలుస్తుంది. వేల్స్‌లో మన్‌మత్ దగ్గరున్న రాక్‌ఫీల్డ్ ఒకప్పుడు పాల డెయిరీ, ఇప్పుడు మకాం స్టూడియో. పడకా భోజనమూ అక్కడే. గిటార్ వాయించినా, మధ్యాహ్నం దాకా ముసుగుతన్ని పడుకున్నా మీటరు తిరుగుతూనే ఉంటుంది. మీరు అక్కడ ఏడాదికి పైగా కూర్చున్నారు.

మచ్చుకు ఒక లెక్క వేద్దాం. సంఖ్యలు మావి, పద్ధతి మాత్రం ఆ కాలపు కాంట్రాక్టులదే. దుకాణానికి సీడీ 8 పౌండ్లకు వేస్తారనుకోండి. ‘ప్యాకింగ్’ పేరుతో పావు వంతు కోసేస్తే 6. దాని మీద బ్యాండుకు 14 శాతం, అంటే 84 పెన్స్. ఆ 14లోంచే నిర్మాతకు 3 శాతం, 18 పెన్స్. మిగిలేది 66. స్టూడియో రోజుకు 1,000 పౌండ్లు, 300 రోజులు అంటే 3 లక్షల పౌండ్లు. ఆ బాకీ 66 పెన్స్ చొప్పున తీరాలంటే 4 లక్షల 54 వేల సీడీలు దాటాలి. అప్పటిదాకా నలుగురికీ కలిపి రాయల్టీ సున్నా. ఈలోగా కంపెనీ ప్రతి సీడీ మీదా తన వాటా తాను తీసుకుంటూనే ఉంటుంది.

ఇంకో చీలిక ఉంది, బ్యాండ్లు విడిపోయేది ఎక్కువగా అక్కడే. పాట రాసినవాడి డబ్బు వేరే కాలవలో పారుతుంది. బ్రిటన్‌లో అది దుకాణానికి వేసే ధరలో 8.5 శాతం, మన లెక్కలో 68 పెన్స్. దీనికి స్టూడియో అప్పుతో సంబంధం లేదు, మొదటి సీడీ నుంచే జమ. మీ అన్నగారి పాటల కింద గాయకుడు ఇయాన్ బ్రౌన్, స్క్వైర్ ఇద్దరి పేర్లూ ఉండేవి. మీ పాటల్లో చాలావాటి కింద గిటారిస్టు జాన్ స్క్వైర్ ఒక్కడి పేరే. ఒకే బస్సులో ఒకడు మొదటి రోజు నుంచి సంపాదిస్తుంటే, పక్కవాడు అప్పు తీరుస్తున్నాడు. ఇక సంసారం ఎన్నాళ్లు సాగుతుంది?

టేపు సంగతికి వద్దాం. రెండంగుళాల రీలు 2,500 అడుగులు. సెకనుకు 30 అంగుళాల వేగంతో 16 నిమిషాల 40 సెకన్లలో అయిపోతుంది. మీ మొదటి పాటే 11 నిమిషాలు దాటుతుంది. అందులో నాలుగు నిమిషాలకు పైగా అడవి చప్పుళ్లూ గిటార్ గురగురలే, గొంతు వినపడదు. అంటే రీలుకు ఒక్క పాట, మిగిలింది ముక్క. పైగా టేపు హెడ్ మీదుగా వెళ్లిన ప్రతిసారీ ఇనుప పొడి కొంచెం రాలుతుంది. ముందు పోయేది డ్రమ్ముల పక్కన మోగే కంచు తాళాల మెరుపు. గిటార్ మీద గిటార్ పేర్చుకుంటూ నెలల తరబడి అదే రీలు తిప్పితే కింద డ్రమ్ములు దుప్పటి కప్పుకున్నట్టు మూలుగుతాయి. జాన్ లెకీ మధ్యలోనే తప్పుకున్నారు. తర్వాత పట్టిన పాల్ ష్రోడర్ కూడా చివరిదాకా నిలవలేదు, సైమన్ డాసన్ ముగించారు. ముగ్గురు వంటవాళ్లు మారిన పెళ్లిలో పప్పు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా.

న్యాయంగా ఒక మాట. ‘టెన్ స్టోరీ లవ్ సాంగ్’ విన్నప్పుడు మీ మీద కోపం నిలవదు. ‘బెగ్గింగ్ యూ’ ఇప్పటికీ స్పీకర్లను పరీక్షిస్తుంది. మీలో ఆరు మంచి పాటలున్నాయి. 1991లోనే ఆ ఆరూ ఇచ్చి ఉంటే ఈ నోటీసు రాసే పని మాకు తప్పేది.

మీరు వచ్చీరాగానే బ్రిటన్ చార్టులో 4వ స్థానం. మీ అన్నగారు ఆ రోజుల్లో 19 దాటి పైకి పోలేదు. దాన్ని బట్టి మీరు గొప్పవారనుకుంటే పొరపాటు. అది అయిదేళ్లు క్యూలో నిలబడ్డవాళ్ల సంఖ్య. అప్పటికే ఆ వీధిలో ఒయాసిస్ అనే కొత్త బ్యాండు మొదటి ఆల్బమ్‌తో దుకాణం తెరిచి మూడు నెలలు దాటింది.

తర్వాతి హాజరు పట్టిక: 1995 వసంతంలో డ్రమ్మర్ రెనీ వెళ్లిపోయాడు. జూన్‌లో గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో పెద్ద వేదిక ఉందనగా స్క్వైర్ అమెరికాలో సైకిల్ మీంచి పడి కాలర్ బోన్ (మెడ కింది ఎముక) విరగ్గొట్టుకున్నాడు. ఆ ఖాళీలోకి షెఫీల్డ్ నుంచి పల్ప్ వచ్చింది. 1978 నుంచి ఎవరూ పట్టించుకోకపోయినా వాయిస్తూ వచ్చిన బ్యాండు అది, ఒక్క రాత్రిలో దేశం వాళ్లదైపోయింది. 1996లో స్క్వైర్ కూడా వెళ్లాడు. ఆగస్టులో రెడింగ్‌లో జరిగిన ఉత్సవంలో ఇయాన్ బ్రౌన్ శృతి ఒక దారి, బ్యాండు ఒక దారి. అక్టోబర్‌లో మూసేశారు. మీరొచ్చి రెండేళ్లు నిండకుండానే ఇల్లు ఖాళీ.

2012లో మళ్లీ కలిసి మాంచెస్టర్ హీటన్ పార్కులో మూడు రాత్రులు వాయించారు. 2,20,000 టికెట్లు గంటా పది నిమిషాల్లోపే చెల్లిపోయాయి. జనం గొంతెత్తి పాడినవి ఎక్కువగా మీ అన్నగారి పాటలే. 2016లో రెండు సింగిల్స్ (విడి పాటలు) వచ్చాయి. మీ తమ్ముడికి తొట్టె కొన్నారు, పేరు మాత్రం పెట్టలేదు.

ఇక చివరి అభియోగం. మీ సీడీలో పాటలు 12. 13 నుంచి 89 వరకు 77 ట్రాకులు, ఒక్కొక్కటి కొన్ని సెకన్ల నిశ్శబ్దం. 90వ ట్రాకులో పియానో ఒక పక్క, ఫిడేలు ఇంకో పక్క, శృతి ఎక్కడా లేకుండా ఆరేడు నిమిషాల గోల. ఆ తర్వాత 91 నుంచి 99 దాకా మళ్లీ నిశ్శబ్దం, ఎందుకంటే సీడీలో అంతకు మించి ట్రాకులు పట్టవు.

ఆ 77లో ఏదో ఒకదానిలో మీ సంజాయిషీ నమోదు చేసి పంపగలరని మనవి.

ఇట్లు,
12వ పాట అయ్యాక ‘నెక్స్ట్’ మీట 78 సార్లు నొక్కినవాళ్లు